యాప్ స్టోర్ల నియంత్రణ: పిల్లల రక్షణ, వినియోగదారుల గోప్యత

మొబైల్ ఫోన్లలో వాడే అప్లికేషన్లను ఒకచోట చేర్చి, వెతుక్కోవడానికి, దించుకోవడానికి, కొనుక్కోవడానికి వీలు కల్పించే డిజిటల్ దుకాణాన్ని యాప్ స్టోర్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ ప్లే స్టోర్, ఐఫోన్లలో యాపిల్ యాప్ స్టోర్ ప్రధానమైనవి. ఈ దుకాణాల్లోకి ఏ సరుకు రావచ్చు, ఆ సరుకు కొన్నవారి నుంచి ఏ సమాచారం తీసుకోవచ్చు, కొంటున్నది పిల్లలైతే ఏ జాగ్రత్తలు పాటించాలి అన్న విషయాలపై ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, నియంత్రణ సంస్థలు విధించే నిబంధనలను కలిపి యాప్ స్టోర్ల నియంత్రణ అంటున్నారు. భారతదేశంలో ఈ చర్చను ఇంటింటికీ తెచ్చినది 2020 డిసెంబర్‌లో తెలంగాణలో బయటపడ్డ లోన్ యాప్‌ల వ్యవహారం. దాని సెగ హైదరాబాద్ దాటి రామగుండం బొగ్గు గనుల ప్రాంతానికీ తగిలింది.

పుట్టుక, పనితీరు

యాపిల్ తన యాప్ స్టోర్‌ను 2008 జులై 10న 500 యాప్‌లతో తెరిచింది. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ ‘ఆండ్రాయిడ్ మార్కెట్’ వచ్చింది. 2012 మార్చిలో దాని పేరు గూగుల్ ప్లేగా మారింది. దేశంలో వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌వే కనుక ఇక్కడ యాప్ అంటే సామాన్యుడికి ప్లే స్టోరే గుర్తొస్తుంది. ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరిలో తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో ఇండస్ యాప్‌స్టోర్‌ను ప్రారంభించింది.

యాప్ స్టోర్ నిర్వాహకుడు మూడు పనులు చేస్తాడు. తయారీదారు పంపిన యాప్‌ను పరిశీలించి లోపలికి అనుమతిస్తాడు. యాప్ లోపల జరిగే డిజిటల్ అమ్మకాల్లో కమీషన్ తీసుకుంటాడు. సాధారణంగా ఇది 15 నుంచి 30 శాతం. నిబంధనలు మీరిన యాప్‌ను తొలగిస్తాడు. సంతలో చోటిచ్చి, ఆశీలు వసూలు చేసి, తూకం తప్పితే వెళ్లగొట్టే అధికారం మొత్తం ఒకే చేతిలో ఉందన్నమాట. ఈ అధికారానికి తగిన జవాబుదారీతనం ఎంత ఉండాలన్నదే నియంత్రణ చర్చ మొత్తానికి మూలం.

యాప్ ఫోనులో చేరాక ఫోను ఆపరేటింగ్ సిస్టమ్ అడిగే ‘పర్మిషన్లు’ రెండో గుమ్మం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6కు ముందు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్ని అనుమతులకూ కలిపి ఒప్పుకోవాల్సి ఉండేది. లేదా యాప్‌నే వదులుకోవాలి. ఆ తర్వాత ఒక్కో అనుమతినీ విడిగా అడిగే పద్ధతి వచ్చింది. కాల్ రికార్డులు, ఎస్సెమ్మెస్‌లు చదివే యాప్‌లపై 2018 అక్టోబర్‌లో గూగుల్ కట్టడి ప్రకటించింది. ఫోన్‌బుక్కు, ఫొటోల విషయంలో అంతటి కట్టడి అప్పటికి రాలేదు. రెండేళ్ల తర్వాత లోన్ యాప్‌లు లోపలికి చొరబడింది సరిగ్గా ఈ సందులోంచే.

బొగ్గు గనుల ప్రాంతం నేపథ్యం

పెద్దపల్లి జిల్లా పాలకుర్తి మండలంలో రాజీవ్ రహదారి పక్కనున్న బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు. దానికి ఆవల రామగుండం, ఎన్టీపీసీ టౌన్‌షిప్, గోదావరిఖని ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇక్కడి బొగ్గు గనులను నడిపే సింగరేణి కాలరీస్‌లో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరిఖని చుట్టుపక్కల గనులు రామగుండం డివిజన్ల కింద నడుస్తాయి.

ఇక్కడ నెల జీతం, లాభాల వాటా, దీపావళి బోనస్ వచ్చే పర్మినెంట్ కార్మికుల పక్కనే అలాంటి భరోసా లేని కాంట్రాక్టు కార్మికులూ ఉన్నారు. జీతం అందేలోపు చేబదులుకు వడ్డీ వ్యాపారిని ఆశ్రయించడం, ఏటీఎం కార్డును అతని దగ్గర కుదవపెట్టడం గనుల ప్రాంతంలో పాత అలవాటు. కార్డును పట్టుకుని కూర్చున్న వ్యాపారి చేయి అప్పు తీసుకున్నవాడి జీతం వరకే చేరుతుంది. లోన్ యాప్ చేయి ఫోన్‌బుక్కులో ఉన్న అందరిదాకా చేరుతుంది. పాత అప్పుకూ కొత్త అప్పుకూ ఉన్న అసలు తేడా ఇదే.

లోన్ యాప్: తెర మీద జరిగేది

ఆ రోజుల్లో ఈ యాప్‌ల పద్ధతి దాదాపు ఒకేలా ఉండేది. ‘ఐదు నిమిషాల్లో అప్పు, పత్రాలు అక్కర్లేదు’ అన్న ప్రకటన నొక్కితే ప్లే స్టోర్ పేజీ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ కాగానే వరసగా ప్రశ్నలు: కాంటాక్టులు చూడవచ్చా, ఫొటోలు, ఫైళ్లు చూడవచ్చా, మీరున్న చోటు తెలుసుకోవచ్చా, కెమెరా వాడవచ్చా. ప్రతి ప్రశ్న కింద రెండు బటన్లు. ఏ ఒక్కటి వద్దన్నా యాప్ ముందుకు కదలదు. ఆధార్, పాన్ ఫొటోలు, ఒక సెల్ఫీ ఇచ్చాక డబ్బు ఖాతాలో పడుతుంది. మంజూరైన మొత్తంలో నుంచి ‘ప్రాసెసింగ్ ఫీజు’ పేరుతో పెద్ద కోత ముందే పడిపోతుంది. తీర్చాల్సింది మాత్రం పూర్తి మొత్తం, చాలాసార్లు ఏడు రోజుల్లోనే. ఆ అప్పు తీర్చడానికి రెండో యాప్, దాన్ని తీర్చడానికి మూడో యాప్.

గడువు దాటిన రోజు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యేవి. ముందు అప్పు తీసుకున్నవారికి, తర్వాత వారి అమ్మకు, బావకు, పై ఆఫీసర్‌కు. బంధువులందరితో ఒక వాట్సాప్ గ్రూపు కట్టి, ఫలానావాడు మోసగాడని ఫొటోతో సహా పెట్టేవారు. ఆడవాళ్ల ఫొటోలను మార్ఫింగ్ చేసి పంపేవారు. ఇక్కడ ఒక న్యాయసూక్ష్మం ఉంది. కాంటాక్టుల అనుమతికి ఒప్పుకున్నది అప్పు తీసుకున్న వ్యక్తి. బయటికి పోయిన నంబర్లు మాత్రం ఆ అప్పుతో ఏ సంబంధమూ లేని ఇతరులవి. వారి సమ్మతిని ఎవరూ అడగలేదు.

2020 డిసెంబర్ కేసులు

ఆ నెలలో రాజేంద్రనగర్ ప్రాంతంలో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సిద్దిపేట జిల్లాలో ఓ వ్యవసాయ విస్తరణ అధికారిణి, రామగుండం దగ్గర పనిచేస్తున్న విశాఖ ప్రాంతపు యువకుడు ఈ వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు నగరంలోనూ గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్లపై దాడులు చేశారు. దేశం విడిచి వెళ్లబోతున్న ఒక చైనా జాతీయుడిని ఢిల్లీ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. ఈ వ్యవహారంలో సుమారు 1.4 కోట్ల లావాదేవీల్లో 21,000 కోట్ల రూపాయలు చేతులు మారినట్టు హైదరాబాద్ పోలీసులు అప్పట్లో వెల్లడించారు. తెలంగాణ పోలీసుల కేసుల ఆధారంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ మనీ లాండరింగ్ దర్యాప్తు చేపట్టింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే విషాదాలు జరిగాయి. 2022 సెప్టెంబర్‌లో రాజమహేంద్రవరంలో భార్యాభర్తలిద్దరూ బలయ్యారు.

దర్యాప్తులో తేలిన ఒక విషయం నియంత్రణ చరిత్రలో ముఖ్యమైనది. ఈ యాప్‌లలో చాలావాటికి సొంత లైసెన్సు లేదు. కొన్ని మాత్రం రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీల పేరు వాడుకుని నడిచాయి. పోలీసుకు కాల్ సెంటరే దొరుకుతుంది, రిజర్వు బ్యాంకుకు ఫైనాన్స్ కంపెనీయే దొరుకుతుంది. రెంటినీ కలిపిన యాప్ ఎవరిదో తెలిసే చోటు యాప్ స్టోర్ ఒక్కటే. అందుకే చూపు దుకాణం మీదికి మళ్లింది.

రిజర్వు బ్యాంకు నిబంధనలు, స్టోర్ విధానాలు

రిజర్వు బ్యాంకు 2021 జనవరి 13న డిజిటల్ అప్పులపై ఒక కార్యవర్గాన్ని నియమించింది. మరుసటి రోజే గూగుల్ వందలాది రుణ యాప్‌లను సమీక్షించి, నిబంధనలు మీరినవాటిని తొలగించినట్టు ప్రకటించింది. కార్యవర్గం నివేదిక అదే ఏడాది నవంబర్‌లో వెలువడింది. 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో భారత ఆండ్రాయిడ్ వినియోగదారులకు 80కి పైగా యాప్ స్టోర్లలో దాదాపు 1,100 రుణ యాప్‌లు దొరుకుతున్నాయని, వాటిలో సుమారు 600 చట్టవిరుద్ధమైనవని ఆ నివేదిక లెక్క తేల్చింది. దుకాణాలు రెండే ఉన్నాయనుకునే సామాన్య పాఠకుడికి ఇందులో కొత్త సంగతి 80 అన్న సంఖ్యే.

2022 సెప్టెంబర్ 2న వచ్చిన మార్గదర్శకాలు పరిస్థితిని మార్చాయి. అప్పు డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే పడాలి. మొత్తం ఖర్చును వార్షిక శాతంగా చెప్పే పత్రం ముందే ఇవ్వాలి. మనసు మార్చుకుని అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడే గడువు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యంగా రుణ యాప్ కాంటాక్టులు, కాల్ రికార్డులు, ఫైళ్లు, ఫొటోల జోలికి వెళ్లకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి ఖాతా తెరిచే వేళ సమ్మతితో ఒక్కసారి వాడుకోవచ్చు. ఇదే నియమాన్ని గూగుల్ 2023 మే 31 నుంచి తన స్టోర్ విధానంగా అమలు చేసింది. 60 రోజుల్లోపు మొత్తం అప్పు తీర్చమనే యాప్‌లకు ప్లే స్టోర్‌లో చోటు లేదన్న నియమమూ ఉంది.

ఇలా చట్టం చెప్పిన మాటను స్టోర్ అమలు చేయడం వల్ల ఫలితం కొలవగలిగేలా కనిపించింది. 2021 ఏప్రిల్ నుంచి 2022 జులై మధ్య 2,500కు పైగా, 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు మధ్య 2,200కు పైగా రుణ యాప్‌లను గూగుల్ తొలగించిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. 2025 మే 8న రిజర్వు బ్యాంకు ఈ నియమాలన్నిటినీ ఒకే ఆదేశ పత్రంగా కూర్చింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వాడే రుణ యాప్‌ల జాబితాను 2025 జులై నుంచి తన వెబ్‌సైటులో ప్రజలకు అందుబాటులో ఉంచింది.

పిల్లల రక్షణ

యాప్ స్టోర్ ద్వారా పిల్లలను కాపాడే ప్రయత్నం దేశంలో కోర్టు ద్వారా కూడా జరిగింది. 2019 ఏప్రిల్ 3న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం టిక్‌టాక్ డౌన్‌లోడ్లను ఆపాలని ఆదేశించింది. రెండు స్టోర్లూ ఆ యాప్‌ను తీసేశాయి. ఏప్రిల్ 24న కోర్టు ఆదేశాన్ని ఎత్తివేసింది. ఈలోగా కొత్తవారికి యాప్ దొరకలేదు, అప్పటికే ఫోనులో ఉన్నవారికి మాత్రం ఆగలేదు. స్టోర్ నుంచి తీసేయడానికీ పూర్తి నిషేధానికీ ఉన్న తేడా అలా బయటపడింది. పూర్తి నిషేధాలు మరుసటి ఏడాది వచ్చాయి: 2020 జూన్ 29న 59 యాప్‌లను, సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను కేంద్రం సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షన్ కింద నిషేధించింది. ఆ ఉత్తర్వులకు చెప్పిన కారణం దేశ భద్రత. పిల్లల క్షేమం కాదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. ఆ పునాది మీద వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రులదని రుజువు చేయగలిగే సమ్మతి ఉండాలి. పిల్లల కదలికలను గమనిస్తూ పోవడం, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడం కుదరదు. ఈ బాధ్యత తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. సమాచార భద్రతలో విఫలమైతే అది 250 కోట్ల దాకా వెళ్తుంది. చట్టం అమలు నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్య బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి.

స్టోర్లు తమంతట తాము పెట్టుకున్న ఏర్పాటు వేరు. యాప్‌కు తగిన వయసు ఎంతో 3+, 7+, 12+, 16+, 18+ గుర్తులతో ప్లే స్టోర్ చూపిస్తుంది. ఆ గుర్తుకు ఆధారం యాప్ తయారీదారు నింపిన ప్రశ్నావళి. గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ ద్వారా తల్లిదండ్రులు పిల్లల ఖాతాను తమ అదుపులో ఉంచుకోవచ్చు. భారత్‌లో 13 ఏళ్లు నిండితే పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా తెరుచుకోగలరు. చట్టం 18 అంటుంటే స్టోర్ 13 దగ్గర ఆగింది. మధ్యలోని ఐదేళ్లే, అంటే ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా, పిల్లలు ఫోనుకు బాగా అతుక్కునే కాలం.

ఈ ఏర్పాట్లన్నీ పిల్లవాడికి సొంత ఫోను, సొంత ఖాతా ఉంటాయన్న ఊహ మీద నిలబడ్డాయి. కార్మిక క్వార్టర్లలో పరిస్థితి వేరు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన తండ్రి పడుకుంటే ఆయన ఫోను పిల్లవాడి చేతిలోకి వస్తుంది. ఫోను లెక్కలో ఆ వేళ ఆట ఆడుతున్నది 45 ఏళ్ల మనిషి. అందులోనే జీతం ఖాతా, యూపీఐ కూడా ఉంటాయి.

డబ్బు పెట్టి ఆడే ఆటలు

ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు ఆటలను తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. ఈ నిషేధాన్ని దాటడానికి ఆటగాళ్లు తప్పుడు లొకేషన్ చూపే మరో యాప్‌ను వాడారు. చాలా కాలం ప్లే స్టోర్ ఇలాంటి ఆటలను భారత్‌లో అనుమతించకపోవడంతో కంపెనీలు ఏపీకే ఫైళ్లను (స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లను) తమ వెబ్‌సైట్ల నుంచే పంచాయి. దుకాణం తలుపు మూస్తే సరుకు దొడ్డిదారిన వచ్చిందన్నమాట. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన నటులు, యూట్యూబర్లపై తెలంగాణ పోలీసులు కేసులు పెట్టడంతో ప్రచారకుల బాధ్యత కూడా చర్చకు వచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రచారం చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంటాయి.

పోటీ చట్టం, వినియోగదారుల చట్టం

స్టోర్ అధికారాన్ని మరో వైపు నుంచి ప్రశ్నించింది భారత పోటీ కమిషన్. 2022 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ ఒప్పందాలపై 1,337.76 కోట్లు, ప్లే స్టోర్ చెల్లింపుల విధానంపై 936.44 కోట్ల రూపాయల జరిమానాలను గూగుల్‌పై విధించింది. రెండో మొత్తాన్ని 2025 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ 216.69 కోట్లకు తగ్గించింది. స్టోర్ల మధ్య పోటీ పెరగాలన్నది ఈ కేసుల ఉద్దేశం. దుకాణాలు ఎన్ని పెరిగితే కాపలా అంత పలచబడుతుందన్నది స్టోర్ల వాదన. 80 దుకాణాల లెక్క చూస్తే ఆ వాదనను కొట్టిపారేయలేం. తొలగించిన యాప్‌ల సంఖ్య చూస్తే పెద్ద దుకాణపు కాపలా కూడా ఆలస్యంగానే మేలుకుందని ఒప్పుకోక తప్పదు.

వినియోగదారుడిని తికమకపెట్టి ఒప్పించే తెర అమరికలను ‘డార్క్ ప్యాటర్న్స్’ అంటారు. వీటిలో 13 రకాలను గుర్తించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న నిషేధ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇతర దేశాల్లో

అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల ఆన్‌లైన్ గోప్యతకు 1998లోనే కొప్పా (COPPA) చట్టం వచ్చింది. పిల్లలు తల్లిదండ్రులకు తెలియకుండా యాప్‌లలో చేసిన కొనుగోళ్ల విషయంలో 2014లో యాపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకున్నాయి. వయసు నిర్ధారణ బాధ్యతను నేరుగా యాప్ స్టోర్ మీదే పెట్టిన మొదటి అమెరికా రాష్ట్రం యూటా. అది 2025 మార్చిలో. టెక్సస్ కూడా అదే ఏడాది చట్టం చేసింది. 2026 జనవరి 1 నుంచి అమలు కావాల్సిన ఆ చట్టాన్ని వాక్ స్వాతంత్ర్యానికి భంగమన్న కారణంతో 2025 డిసెంబర్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తాత్కాలికంగా నిలిపివేశారు. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద స్టోర్లను ‘ద్వారపాలకులు’గా గుర్తించి 2024 మార్చి నుంచి ప్రత్యేక బాధ్యతలు పెట్టింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. అక్కడ బాధ్యత స్టోర్‌ది కాదు, ఆయా సోషల్ మీడియా సంస్థలది.

తేలని చిక్కులు

మొదటిది వయసు రుజువు. పిల్లవాడెవరో తెలియాలంటే పెద్దలందరూ తమ వయసు రుజువు చేసుకోవాలి. పిల్లల గోప్యత కోసం అందరి గుర్తింపు పత్రాలూ స్టోర్ చేతికి వెళ్తే ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకోటి తవ్వినట్టే. డిజిలాకర్ వంటి వ్యవస్థ నుంచి పత్రం ఇవ్వకుండా, వయసు ధ్రువీకరించే టోకెన్ మాత్రమే పంపే వీలును డేటా రక్షణ చట్టపు 2025 నియమాలు కల్పించాయి.

రెండోది ఏపీకే దారి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలును నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఏ స్టోర్ నిబంధనా వర్తించదు. మూడోది భాష. బ్యాంకింగ్ యాప్‌లు తెలుగులో దొరుకుతున్నా, గోప్యతా విధానాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే పేజీలకు పేజీలు ఉంటాయి. సమ్మతి అడిగే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని 2023 డేటా రక్షణ చట్టం నిర్దేశించింది. తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది కనుక ఆ నిబంధన అమల్లోకి వచ్చాక తెలుగులో నోటీసు అడగడం వినియోగదారుడి హక్కవుతుంది.

వినియోగదారుడికి అందుబాటులో ఉన్నవి

అప్పు తీసుకునే ముందు ఆ యాప్ పేరు రిజర్వు బ్యాంకు జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. అనుమతి లేని సంస్థలపై ఆ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కాంటాక్టులు అడిగిన రుణ యాప్ ఆ ఒక్క ప్రశ్నతోనే నిబంధన మీరినట్టు లెక్క. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ సెట్టింగుల్లోని పేరెంటల్ కంట్రోల్స్‌లో వయసు పరిమితి పెట్టి పిన్ నంబరు ఇవ్వవచ్చు. కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా కూడా చేయవచ్చు. ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడే చోట ఇది ఫ్యామిలీ లింక్ కన్నా అక్కరకొస్తుంది.

2023 చట్టం కింద పిల్లల సమాచారానికి పూర్తి రక్షణ 2027 మే దాకా అమల్లోకి రాదు. అంతవరకూ డబ్బు పోయినా, వేధింపులు మొదలైనా జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. బసంత్‌నగర్, గోదావరిఖని వాసులు రామగుండం కమిషనరేట్ పోలీసులను కూడా ఆశ్రయించవచ్చు.